ఎంపీని మనం ఏం అడగాలె?

(నల్లగొండ గ్రంథాలయంల ఆదివారం పొద్దున జరిగిన మాట ముచ్చట ఇది. రానోళ్ళు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేసినం. మాట్లాడింది సివిక్స్ చెప్పి రిటైరైన మేడం.)

అందరికీ నమస్తే. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రాండ్రి, ఈ వరుసల కుర్చీలు ఖాళీగనే ఉన్నయ్. ఆఖరోళ్ళకు వినబడుతున్నదా? సరే.

నేను ఇయ్యాల ఉపన్యాసం రాసుకొని రాలేదు. లోపలికి వచ్చేటప్పుడు మీ అందరికీ చీటీలు ఇచ్చిండ్రు గదా, పార్లమెంటు గురించి, ఎలక్షన్ల గురించి ఒక్క డౌటు రాయుండ్రి అని. ఆ చీటీలన్నీ నా ముందట ఉన్నయ్. ఒక్కొక్కటి చదువుకుంట చెప్పుకుంట పోతా. అయితే కూర్చోంగనే అన్నీ ఒకసారి తిరగేసి చూసిన, చూస్తే సగానికి సగం ఒక్కటే తీరుగ ఉన్నయ్. మా ఎంపీ మా కాలనీల మోరీ ఎందుకు కట్టిస్తలేడు, మా ఊరికి సీసీ రోడ్డు ఎందుకు రాలే, గెలిచినంక ఎంపీ మా ఊరి మొఖం ఎందుకు చూడలే. మోరీ అక్కర లేదని నేను అంటలేను, మోరీ లేకపోతే ఎంత గోసనో నాకు ఎరుకే. కానీ మోరీ పని పంచాయతీది, మున్సిపాలిటీది. దానికి సర్పంచిని అడగాలె, కమిషనర్‌ను అడగాలె, వాళ్ళు వినకపోతే సోమవారం కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉన్నది, ఆడ అర్జీ పెట్టాలె. మరి ఎంపీని ఏం అడగాలె? సర్పంచి చెయ్యలేనిది, ఎమ్మెల్యే చెయ్యలేనిది, ఎంపీ ఒక్కడే చెయ్యగలిగే పని ఏంది? ఈ చీటీలల్ల ఆ ప్రశ్న ఒక్కరు కూడా అడగలే. నాకు ఇయ్యాల అసలు చెప్పాలని ఉన్నది అదే. మిగతా చీటీలు చదువుకుంట దాని దగ్గరికి పోదాం.

మొదటి చీటీ. "ఎంపీకి, ఎమ్మెల్యేకు తేడా ఏంది, ఇద్దరూ ఓట్లేస్తేనే గెలుస్తరు గదా." మంచిగ అడిగిండ్రు. మన రాష్ట్రంల ఎమ్మెల్యే సీట్లు 119, ఎంపీ సీట్లు 17. పదిహేడును ఏడుతోని గుణిస్తే ఎంత? నూటా పంతొమ్మిది. అంటే ఒక్క ఎంపీ కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు వస్తయ్. మన నల్లగొండ ఎంపీ కింద ఏ ఏడు ఉన్నయో ఎవరన్న చెప్తరా? ఆ, దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ. మునుగోడు అన్నరు ఎవరో, కాదు బిడ్డా, మునుగోడు, నకిరేకల్ భువనగిరి ఎంపీ కిందికి పోతయ్. జిల్లా మనదే, ఎంపీ వేరే. పక్కనున్న మిర్యాలగూడ అక్క అడుగుతున్నది, మాకు సొంత ఎంపీ సీటు ఉండె గదా అని. ఉండె అక్కా. 1999ల, 2004ల జైపాల్ రెడ్డి గారు గెలిచింది ఆ మిర్యాలగూడ నుంచే. 2008ల నియోజకవర్గాల హద్దులు మార్చిండ్రు, డీలిమిటేషన్ అంటరు దాన్ని, అప్పుడు మిర్యాలగూడ ఎంపీ సీటు పోయింది, భువనగిరి సీటు కొత్తగ వచ్చింది. 2009 ఎలక్షన్ నుంచి ఇట్లనే నడుస్తున్నది.

ఇగ పైసల ముచ్చట. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు వస్తయ్ గదా, అవి ఏం చేస్తుండు అని మూడు చీటీలు ఉన్నయ్. ఎంపీ ల్యాడ్స్ అంటరు, 1993ల పీవీ గారు ప్రధానిగ ఉన్నప్పుడు మొదలైంది. ముందుగాల ఒక సంగతి, ఆ పైసలు ఎంపీ చేతికి రావు, జేబుల పడవు. ఫలానా ఊర్ల ఫలానా పని చెయ్యుండ్రి అని ఆయన రాసిస్తడు, చేయించేది జిల్లా అధికారులు. ఇప్పుడు లెక్క చూద్దాం. 5 కోట్లను ఏడు నియోజకవర్గాలకు పంచుండ్రి. ఒక్కోదానికి 71 లక్షలు, ఇంకా కొంచెం పైన. దేవరకొండ నియోజకవర్గంల ఎన్ని ఊర్లు, ఎన్ని తండాలు ఉన్నయో మీకే తెలుసు. 71 లక్షలు ఆడ ఎన్ని తండాలకు వస్తయ్? పైసా పైసా నిజాయితీగ ఖర్చు పెట్టినా సరే, ఆ పైసలతోని ఎంపీ మన బతుకులు మార్చలేడు. అందుకోసం కాదు ఆయన్ని మనం ఢిల్లీకి పంపేది. మనం ఎంపీని రోడ్ల లెక్కతోని తూచినన్ని రోజులు ఆయన కూడా రోడ్ల లెక్కే చెప్తడు, ఢిల్లీల ఏం చేసిండో మనకు చెప్పే అవసరం ఆయనకు ఉండదు.

"ప్రధానమంత్రికి మనం నేరుగ ఓటు ఎందుకు వెయ్యం?" ఈ చీటీ రాసింది ఇంటర్ పిల్లగాడు అనుకుంట, క్లాసు కూడా రాసిండు కింద. మన రాజ్యాంగంల ప్రధానిని జనం నేరుగ ఎన్నుకునుడు లేదు నాయనా. మనం ఎన్నుకునేది ఎంపీని. లోక్‌సభల 543 మంది, అందుల సగం కన్న ఎక్కువ, అంటే 272 మంది ఎవరి వెనక ఉన్నరో వాళ్ళను రాష్ట్రపతి పిలిచి ప్రభుత్వం పెట్టుమంటరు. ఎంపీ కాకుండా కూడా ప్రధాని కావచ్చు, తెలుసా మీకు? మన పీవీ నరసింహారావు గారే ఉదాహరణ. 1991 జూన్‌ల ప్రధాని అయిననాడు ఆయన ఏ సభల కూడా మెంబర్ కాదు. ఆరు నెలల లోపల ఏదో ఒక సభకు ఎన్నిక కావాలె, లేకపోతే దిగిపోవాలె, అది రూలు. అందుకే అదే ఏడు నవంబర్‌ల నంద్యాల ఉప ఎన్నికల నిలబడి గెలిచిండు.

మరి ఒక్క ఎంపీ ఉంటే ఎంత, లేకపోతే ఎంత అనుకుంటరేమో. 1999 ఏప్రిల్ 17 గుర్తున్నదా పెద్దోళ్ళకు? ఆ రోజు వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానంల పడిపోయింది. అటు 269, ఇటు 270. ఒక్క ఓటు. అప్పుడు స్పీకర్ కుర్చీల ఉన్నది మన తెలుగాయన, బాలయోగి గారు. స్పీకర్ మామూలుగ ఓటెయ్యడు, రెండు దిక్కులా సమానంగ పడితెనే ఆయన ఓటు పనికొస్తది. దేశమంతా మళ్ళ ఎలక్షన్లకు పోయింది ఆ ఒక్క ఓటుతోని.

"తెలంగాణ బిల్లు అసెంబ్లీల ఓడిపోయినా పార్లమెంటుల ఎట్ల పాసైంది?" ఇది మంచి చీటీ, మన సొంత ముచ్చట. రాజ్యాంగంల మూడో ఆర్టికల్ అని ఉన్నది. కొత్త రాష్ట్రం చేసే అధికారం పార్లమెంటుది. రాష్ట్రపతి ఆ బిల్లును అసెంబ్లీకి పంపి అభిప్రాయం అడగాలె, అడగాలె అంతే, అసెంబ్లీ వద్దన్నా పార్లమెంటు ఆగాలని లేదు. అప్పటి ఉమ్మడి అసెంబ్లీ 2014 జనవరిల వద్దన్నది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేసినయ్. దీనికి మూడింట రెండొంతుల మెజారిటీ కూడా అక్కర లేదు, మామూలు మెజారిటీ చాలు. లోక్‌సభల ఆ రోజు టీవీ ప్రసారం బంద్ అయింది, మనం అందరం టీవీల ముందట కూర్చొని ఏమైందో తెల్వక ఎట్ల కొట్టుకున్నమో, ఈడ ఉన్నోళ్ళు మర్చిపోతరా? ఆ బిల్లు మూజువాణి ఓటుతోని పాసైంది. మూజువాణి అంటే అవునన్నోళ్ళు అవునంటరు, కాదన్నోళ్ళు కాదంటరు, ఏ గొంతు ఎక్కువ వినబడ్డదో స్పీకర్ చెప్తరు. ఎవరన్న లెక్క కావాలని పట్టుబడితే డివిజన్ పెడతరు, అప్పుడు పేరు పేరున ఎవరు ఎటు ఓటేసిండ్రో రికార్డు అయితది. మన బిల్లుకు కూడా మెంబర్లు సవరణలు పెట్టిండ్రు, పార్లమెంటు రికార్డులల్ల ఉన్నయ్, ఓపికున్నోళ్ళు చదువుకోవచ్చు.

రాజ్యసభ గురించి కూడా చీటీలు ఉన్నయ్, తొందరగ చెప్పి ముందుకు పోతా. రాజ్యసభ ఎంపీకి మనం ఓటెయ్యం, మన ఎమ్మెల్యేలు వేస్తరు. మన రాష్ట్రానికి 7 సీట్లు. ఒక్కొక్కరికి ఆరేండ్లు, రెండేండ్లకు ఒకసారి మూడోవంతు మంది దిగిపోతుంటరు, అందుకే ఆ సభ రద్దు కానే కాదు. ఈడ మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అని నంబర్లు వేస్తరు, నల్లగొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల ఎమ్మెల్సీకి ఓటేసినోళ్ళకు ఆ పద్ధతి తెలుసు, లెక్కపెట్టుడు రోజుల తరబడి సాగుతది చూసిండ్రు గదా, అదే పద్ధతి. 119 మంది ఎమ్మెల్యేలు అందరూ ఓటేస్తే, మూడు సీట్లు ఖాళీగుంటే గెలవడానికి 30 మంది ఎమ్మెల్యేలు కావాలె, రెండే ఉంటే 40 మంది కావాలె. మన రాష్ట్రం ఓటరు కానోళ్ళు మన రాష్ట్రం నుంచి రాజ్యసభకు ఎట్ల పోతరని అడిగిండ్రు. 2003ల చట్టం మార్చిండ్రు, దేశంల ఎక్కడ ఓటరైనా చాలన్నరు. సుప్రీంకోర్టు కూడా 2006ల సరేనన్నది. నాకు ఆ మార్పు అప్పుడూ నచ్చలే, ఇప్పుడూ నచ్చలే. రాష్ట్రాల సభ అని పేరు పెట్టుకొని రాష్ట్రంతోని సంబంధం లేనోళ్ళను పంపుడు ఏం న్యాయం?

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న, ఫోన్లు కొంచెం లోపల పెట్టుండ్రి.

ఎంపీ పార్లమెంటుల చేసే పనులు పెద్దగ మూడు. ప్రభుత్వాన్ని నిలబెట్టుడు లేకపోతే దించుడు, చట్టాలు బడ్జెట్లు పాస్ చేసుడు, ప్రభుత్వాన్ని ప్రశ్న అడుగుడు. ఈ మూడింట్ల మొదటి రెండు ఎంపీ చేతుల ఎంత ఉన్నయ్? మీరే ఆలోచించుండ్రి. 1985ల పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చింది, పదో షెడ్యూలు అంటరు. పార్టీ విప్, అంటే ఇటే ఓటెయ్యాలనే ఆదేశం, జారీ చేసినంక దానికి ఎదురు ఓటేసినా, ఓటెయ్యకుండ ఊకున్నా సభ్యత్వం పోయే పరిస్థితి వస్తది. గోడ దూకుడు ఆపాలని తెచ్చిన చట్టం, అవసరమే. కానీ దాంతోని ఏమైందంటే ఒక బిల్లు మన జిల్లా రైతుకు నష్టం అని మన ఎంపీకి అనిపించినా సరే పార్టీ చెప్పిన దిక్కే చెయ్యి ఎత్తాలె. సొంతంగ బిల్లు పెట్టొచ్చు గదా అంటరు, పెట్టొచ్చు, ప్రైవేటు మెంబర్ బిల్లు అంటరు, శుక్రవారం మధ్యాహ్నం దానికి టైము ఇస్తరు. అట్లాంటి బిల్లులు స్వతంత్రం వచ్చినంక పాసైనయి మొత్తం 14, ఆఖరుది పాసైంది 1970ల.

మరి మూడోది? ప్రశ్న. ప్రశ్నకు విప్ లేదు. ప్రశ్న అడిగితే సభ్యత్వం పోదు. అధికార పార్టీ ఎంపీ అయినా, మంత్రి కాకపోతే చాలు, మంత్రిని ప్రశ్న అడగొచ్చు. అడిగితే మంత్రి జవాబు చెప్పాలె, అబద్ధం చెప్తే సభా హక్కుల ఉల్లంఘన కిందికి వస్తది. చూసిండ్రా, ఎంపీ చేతిల పూర్తిగ ఆయనదే అయిన పని ఇదొక్కటి. మనం అడగనిది కూడా ఇదొక్కటే.

ఎట్ల అడుగుతరో కొంచెం వివరంగ చెప్తా. లోక్‌సభల పొద్దున 11 నుంచి 12 దాకా క్వశ్చన్ అవర్. ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. ఒక్కో మంత్రిత్వ శాఖకు వారంల ఒక రోజు. వచ్చిన నోటీసులను లాటరీ తీస్తరు. అందుల 20 ప్రశ్నలు స్టార్ గుర్తువి, అంటే మంత్రి లేచి నోటితోని జవాబు చెప్పాలె, ఆ జవాబు మీద అక్కడికక్కడే ఎదురు ప్రశ్నలు వెయ్యొచ్చు, వేరే ఎంపీలు కూడా లేచి అడగొచ్చు. ఇంకో 230 స్టార్ లేనివి, వాటికి రాతపూర్వకంగ జవాబు వస్తది. టీవీల మనం చూసేది ఆ మొదటి గంటల లొల్లి, కానీ రోజుకు ఆ 230 జవాబులు కాయితం మీద వస్తనే ఉంటయ్, సభ వాయిదా పడినా వస్తయ్. ఎన్ని ఊర్లల్ల నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉన్నది, ఏ ప్రాజెక్టుకు ఎంత ఇచ్చిండ్రు, ఎంత ఖర్చైంది, మన జిల్లాల ఉపాధి హామీ కూలి పైసలు ఎన్ని బాకీ ఉన్నయ్, అన్నీ అడగొచ్చు. మంత్రి సంతకం లెక్క విలువ ఉన్న జవాబు అది, పేపరోళ్ళు రాసుకోవచ్చు, కోర్టుల చూపించొచ్చు, కలెక్టర్ ముందట పెట్టొచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. మంత్రి జవాబుల "పరిశీలిస్తం", "వివరాలు తెప్పించి సభ ముందట పెడతం" అన్నడనుకో, అది గాలికి పోయే మాట కాదు. దాన్ని హామీ కింద రాసుకుంటరు. హామీల కమిటీ అని సభకు ప్రత్యేకంగ ఒక కమిటీ ఉన్నది, మూడు నెలల్ల నెరవేర్చాలని లెక్క, నెరవేర్చకపోతే ఆ శాఖ అధికారులను పిలిచి అడుగుతది. మాటిచ్చి మరిచిపోయే మంత్రిని పట్టుకునే తాడు అది. కానీ ఆ తాడు కట్టాలంటే ముందు ఎవరో ఒకరు ప్రశ్న అడగాలె గదా?

అడగకపోతే ఏమైతదో చెప్పనా? మన జిల్లా కన్న పెద్ద ఉదాహరణ దేశంల ఇంకెక్కడ ఉన్నది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను మీరంతా చూసిండ్రు, నా క్లాసుల కూర్చున్న పిల్లల పండ్లు చూసిన నేను, పసుపుపచ్చ మచ్చలు, నవ్వాలంటే చెయ్యి అడ్డం పెట్టుకునేటోళ్ళు. తాగే నీళ్ళల్ల ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపలనే ఉండాలె, వేరే నీళ్ళు దొరకకపోతే ఒకటిన్నర దాకా, అంతకంటె దాటొద్దు. మన బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండె. ఎన్ని అర్జీలు, ఎన్ని ధర్నాలు. ఢిల్లీకి వినబడలే. 1996 పార్లమెంటు ఎలక్షన్ల ఏం చేసిండ్రు? జల సాధన సమితి పిలుపిచ్చింది, జనం పోయి నామినేషన్లు వేసిండ్రు. ఒక్క నల్లగొండ సీటుకు 480 మంది అభ్యర్థులు! అప్పుడు మిషన్లు లేవు, కాయితం బ్యాలెట్. 480 పేర్లు, 480 గుర్తులు ఒక కాయితం మీద పడతయా? పుస్తకం లెక్క కుట్టాల్సి వచ్చింది. దేశం మొత్తం నల్లగొండ దిక్కు చూసింది. ఆ ఎలక్షన్ల ధర్మభిక్షం గారు గెలిచిండ్రు, కానీ నిలబడ్డ ఆ వందల మంది గెలవాలని నిలబడలే, మా నీళ్ళ సంగతి వినుండ్రి అని నిలబడ్డరు.

మరి ఢిల్లీ ఏం చేసింది దానికి? ఆ ఏడే చట్టం మార్చిండ్రు. అప్పటి దాకా ఎంపీకి పోటీ చెయ్యాలంటే 500 రూపాయల డిపాజిట్ ఉండె, దాన్ని 10 వేలు చేసిండ్రు. ఇప్పుడైతే 25 వేలు, ఎస్సీ ఎస్టీలకు సగం. పోలైన ఓట్లల్ల ఆరోవంతు రాకపోతే డిపాజిట్ పోతది. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంట్‌కు పది మంది ఓటర్లు సంతకం పెట్టాలె. కర్ణాటకల బెల్గాం, తమిళనాడుల మొడకురిచ్చి కూడా అదే ఏడు అట్లనే అయినయ్, మొడకురిచ్చిల అసెంబ్లీ సీటుకు 1033 మంది నిలబడ్డరు, కాబట్టి మన ఒక్కరి వల్లనే అంటలేను. కానీ నాకు ఇప్పటికీ కడుపు మండుతది. నీళ్ళు అడిగితే డిపాజిట్ పెంచుడా? ఆ 480 మందిల కూలోళ్ళు ఉన్నరు, రైతులు ఉన్నరు.

అట్లని ఆ పద్ధతి ఆగిందా, ఆగలే. 2019ల నిజామాబాద్‌ల పసుపు రైతులు అదే దారి పట్టిండ్రు, 185 మంది అభ్యర్థులు. పసుపు బోర్డు 2023ల ప్రకటించిండ్రు, 2025 జనవరిల మొదలైంది. 2022ల మన మునుగోడు ఉప ఎన్నిక యాదికున్నది గదా, 47 మంది నిలబడ్డరు. ఒక చీటీల అడిగిండ్రు, మునుగోడుల మూడు మిషన్లు ఎందుకు పెట్టిండ్రని. ఓటేసే మిషన్ మీద, బ్యాలెట్ యూనిట్ అంటం, 16 బటన్లు ఉంటయ్. 47 మంది అభ్యర్థులు, ఆఖరుకు నోటా, అంటే వీళ్ళల్ల ఎవరూ వద్దనే బటన్. మొత్తం 48. మూడు యూనిట్లు నిండుకు నిండు. ఇంకొక్కరు నామినేషన్ నిలుపుకొని ఉంటే నాలుగోది పెట్టాల్సి వచ్చేది. ఈ మిషన్లు తయారు చేసేది రెండు ప్రభుత్వ కంపెనీలే, ఒకటి బెంగుళూరు బెల్, ఇంకోటి మన హైదరాబాద్ ఈసీఐఎల్.

నోటా మాట వచ్చింది కాబట్టి, నోటాకు ఎక్కువ ఓట్లు పడితే ఎలక్షన్ రద్దయితదా అని అడిగిండ్రు. పార్లమెంటు ఎలక్షన్ల కాదు. 2013ల సుప్రీంకోర్టు చెప్తే పెట్టిండ్రు, నోటా ఎంత వచ్చినా అభ్యర్థులల్ల ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్ళే గెలిచినట్టు.

"నా ఓటు ముందే ఎవరో వేసి పోయిండ్రు, ఏం చెయ్యాలె?" ఇది ముఖ్యం, అందరూ వినుండ్రి. నేను ఎన్నోసార్లు ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే పోలింగ్ బూత్‌కు పెద్ద ఆఫీసర్, డ్యూటీ చేసిన. ఒక ఊర్ల ఒక అవ్వ మధ్యాహ్నం ఎండల నడుచుకుంట వచ్చింది, లిస్టు చూస్తే ఆమె పేరు మీద అప్పటికే టిక్కు ఉన్నది. పార్టీల ఏజెంట్లు "అయిపోయింది పో అవ్వా" అంటుండ్రు. ఆమె కార్డు ఉన్నది, మనిషి ఆమెనే అని ఊరంతా చెప్తున్నది. ఇట్లాంటప్పుడు వెనక్కి పోవుడు లేదు. టెండర్ ఓటు అడగాలె. ప్రిసైడింగ్ ఆఫీసర్ మీరే ఆ మనిషి అని తేల్చుకొని, 17బి అనే ఫారంల పేరు రాసి సంతకమో వేలిముద్రో తీసుకొని, కాయితం బ్యాలెట్ ఇస్తడు. మిషన్ల కాదు, కాయితం మీద. దాన్ని వేరే కవర్ల పెట్టి సీల్ చేస్తరు. మామూలు లెక్కింపుల అది కలవదు, నిజమే, కానీ తక్కువ ఓట్ల తేడాతోని గెలిచి కేసు కోర్టుకు పోతే ఆ కవరు తెరిపించొచ్చు. తక్కువ తేడాలు ఏడ ఉంటయ్ అంటరా, 2008ల రాజస్థాన్‌ల నాథ్‌ద్వారా అసెంబ్లీ సీటుల సీపీ జోషి ఒక్క ఓటుతోని ఓడిపోయిండు. ఆ అవ్వకు నేను బ్యాలెట్ ఇచ్చిన, ఏజెంట్లకు రూలు చదివి వినిపించిన, ఆమె గుర్తు మీద ముద్ర వేసి మడతపెట్టి నా చేతుల పెట్టి పోయింది. అడుగుండ్రి. మీకు తెలిసి అడిగితే ఏ ఆఫీసరూ కాదనలేడు.

పాలమూరు నుంచి వచ్చిన తమ్ముడు రాసిండు. "మా అమ్మా నాయన ముంబైల పని చేస్తరు, ఆడనే ఉండి ఈడి ఓటు వెయ్యొచ్చా." వెయ్యరాదు బిడ్డా. ఓటు ఎక్కడ నమోదైతే ఆ బూత్‌లనే. 2023 జనవరిల ఎలక్షన్ కమిషన్ దూరం నుంచి ఓటేసే మిషన్ ఒకటి పార్టీలకు చూపెట్టింది, వలస పోయినోళ్ళ కోసమే అని. పార్టీలు అనుమానాలు లేవదీసినయ్, అంతటితోని ఆగింది. ఆరు నెలలకో ఏడాదికో తిరిగొచ్చేటోళ్ళు ఊర్లనే ఓటు ఉంచుకుంటరు, అది సహజం. మొత్తానికే అటు ఉండిపోయినోళ్ళు ఫారం 8 నింపి ఓటు అటు మార్చుకోవచ్చు. పోలింగ్ నాడు పనోళ్ళకు జీతంతోని సెలవు ఇయ్యాలని చట్టంల 135బి అనే సెక్షన్ ఉన్నది, మేస్త్రీలకు, ఓనర్లకు చెప్పుండ్రి. కానీ ముంబై నుంచి నారాయణపేట వచ్చిపోవడానికి ఒక్కరోజు సెలవు ఏం సరిపోతది? బస్సు కిరాయి ఎవరిస్తరు? లక్షల మంది ఓట్లు ఇట్ల పోతున్నయ్, మన పాలమూరు ఎంపీలు ఇద్దరు, నాగర్‌కర్నూల్ ఎంపీ, మహబూబ్‌నగర్ ఎంపీ, పార్లమెంటుల అడగాల్సిన మొదటి ప్రశ్నలల్ల ఇదొకటి అని నేనంటా.

ఓటుకు పైసలు తీసుకుంటే కూడా నేరమా అని అడిగిండ్రు. నేరమే, ఇచ్చినోడు తీసుకున్నోడు ఇద్దరూ. ఎంపీ అభ్యర్థి మొత్తం ఖర్చు 95 లక్షలు దాటొద్దని లెక్క. మీ వాడకు ఎంత పంచిండ్రో మీకు తెలుసు, కోట్లు పెట్టి గెలిచినాయనను రేపు పార్లమెంటుల ఏం ప్రశ్న అడిగినవు సార్ అని మనం ఏ మొఖంతోని అడుగుతం?

అసలు మన నల్లగొండ ఎట్లాంటి నల్లగొండ. 1952ల మొదటి ఎలక్షన్ల తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి గారికి ఈ గడ్డ వేసిన ఓట్లు నెహ్రూకు వచ్చిన ఓట్ల కన్న ఎక్కువ, దేశంల అందరికన్న ఎక్కువ. అప్పుడు ఇది ఇద్దరు మెంబర్ల నియోజకవర్గం, ఆయనతోపాటు సుంకం అచ్చాలు గారు కూడా గెలిచిండ్రు. జీతగాండ్లు, కౌలు రైతులు లైన్లల్ల నిలబడి వేసిన ఓట్లు అవి, పైసలు తీసుకొని వేసినవి కాదు.

ఆఖరు చీటీ. "మా ఎంపీ ప్రశ్నలు అడిగిండో లేదో మాకెట్ల తెలుస్తది, మేం చెప్తే అడుగుతడా?" మొదటిది సులువు. సంసద్ అని పార్లమెంటు వెబ్‌సైట్ ఉన్నది, ఆడ ఎంపీ పేరు కొడితే ఏ రోజు ఏ శాఖను ఏం అడిగిండో, మంత్రి ఏం జవాబు ఇచ్చిండో మొత్తం వస్తది. జవాబులు ఇంగ్లీషుల, హిందీల ఉంటయ్, డిగ్రీ పిల్లలు మీరు చదివి పెద్దోళ్ళకు తెలుగుల చెప్పుండ్రి. రెండోది, చెప్తే అడుగుతడా? ఎంపీ ఆఫీసుకు రోజూ వందల కాయితాలు వస్తయ్, బదిలీలని, సిఫారసులని, రైల్వే టికెట్ల ఎమర్జెన్సీ కోటా అని. మనం ప్రశ్నను ప్రశ్న లెక్కనే రాసిస్తే ఆయన పీఏ దాన్ని అట్లనే నోటీసుల పెట్టొచ్చు. ఒక ప్రశ్న 150 మాటలు దాటొద్దు, ఒక్క విషయం మీదనే ఉండాలె, రాష్ట్రం చేతిల ఉన్న పని గురించి కాకుండ కేంద్రం చేతిల ఉన్నదాని గురించే ఉండాలె. ఇప్పుడే ఒకటి రాద్దాం, చెప్తున్న, రాసుకోండ్రి.

జలశక్తి మంత్రి గారికి. ఎ, నల్లగొండ జిల్లాల తాగునీటిల ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము కన్న ఎక్కువ ఉన్న ఆవాసాలు ప్రస్తుతం ఎన్ని, మండలాల వారీగ వివరాలు. బి, గత మూడేండ్లల్ల ఫ్లోరైడ్ నివారణ కోసం ఈ జిల్లాకు కేంద్రం ఇచ్చిన నిధులు ఎంత, ఖర్చైంది ఎంత. సి, ఆ ఆవాసాలల్ల నీళ్ళ పరీక్ష ఆఖరుసారి ఎప్పుడు చేసిండ్రు. డి, ఇప్పటికే ఫ్లోరోసిస్ వచ్చినోళ్ళకు వైద్యం కోసం... లేదు, డి వద్దు, అది ఆరోగ్య శాఖది, దాన్ని వేరే ప్రశ్న చెయ్యాలె, లేకపోతే శాఖ కలవలేదని కొట్టేస్తరు. అది ఆరోగ్య మంత్రికి రెండో కాయితం మీద రాయుండ్రి.

భువనగిరి కిందున్నోళ్ళు భువనగిరి ఎంపీకి, మనం నల్లగొండ ఎంపీకి. పాలమూరు తమ్ముడు వలస ఓట్ల మీద న్యాయశాఖ మంత్రికి రాయాలె, ఎలక్షన్ కమిషన్ సంగతులు పార్లమెంటుల ఆ శాఖ కిందికే వస్తయ్. కింద పేరు, ఊరు రాసి, మీకు ఈ ప్రశ్న మీద జవాబు వస్తే మాకు ఒక కాపీ పంపుండ్రి అని అడుగుండ్రి. పోస్టుల పంపినా సరే, చేతికిచ్చినా సరే, తీసుకున్నట్టు ముద్ర మాత్రం వేయించుకోండ్రి. సమావేశాలు ఏడాదికి మూడుసార్లు ఉంటయ్, బడ్జెట్‌ది, వానాకాలంది, చలికాలంది. నోటీసుకు 15 రోజులు కావాలె కాబట్టి సమావేశాలు మొదలయ్యే నెల ముందే ఇచ్చేయాలె.

లైబ్రేరియన్ సార్ తెల్ల కాయితాలు తెప్పించిండ్రు, ఆ మూలకు బల్ల మీద ఉన్నయ్. ఒక్కొక్కరు రెండు తీసుకోండ్రి. ఏ ప్రశ్న ఏ శాఖకు పోతదో తెల్వనోళ్ళు నా దగ్గరికి రాండ్రి, నేను ఒంటిగంట దాకా ఈడనే ఉంటా.